కుదురుగా ఉన్న కణం కోసం: ఒక ఎండోథీలియల్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ప్రాజెక్టు ప్రశ్నను ఒకే వాక్యంలో బోర్డు మీద రాయమన్నారు మేడం. రాసి, తుడిచి, మళ్లీ రాసి చివరికి నిలిపింది ఇది: ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) మొదలైందన్న కబురు అందాక రక్తనాళాల లోపలి పొర కణాలు ఏ గంటకు ఏం చేస్తాయి?

"ఏ గంటకు" అన్న మాట మేడం చేర్పించారు. "ఏం చేస్తాయో పుస్తకాల్లో ఉంది. ఎప్పుడు చేస్తాయో నీ కళ్లతో చూడు, అప్పుడు ఒంటబడుతుంది" అన్నారు.

గుండె గదుల నుంచి వేలి కొసలోని కేశనాళిక దాకా రక్తం నేరుగా తగిలేది ఈ ఎండోథీలియల్ కణాలకే. పొర మందం ఒక్క కణం. చాలాకాలం దీన్ని గొట్టం లోపల వేసిన పూత అన్నట్టే చూశారు. కానీ రక్తం ఊరికే గడ్డకట్టకుండా చూసేది ఈ పొర. నైట్రిక్ ఆక్సైడ్ వదిలి నాళాన్ని వదులు చేసేది ఈ పొర. దారిన పోయే తెల్ల రక్తకణాల్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ పోనివ్వాలో తేల్చేదీ ఇదే. నాకు ఈ చివరి పని మీదే మనసు పడింది.

వాడబోయే కబురు టీఎన్ఎఫ్-ఆల్ఫా. కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే ప్రొటీన్లు సైటోకైన్లు, వాటిలో బాగా తెలిసినది ఇది. 1975లో దీనికి పేరు పెట్టినప్పుడు కణితి కణాల్ని చంపే పదార్థంగా పెట్టారు. మోతాదు మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు. చూడాల్సిన సమయాలు 0, 4, 8, 24 గంటలు. చూడాల్సిన ప్రొటీన్లు మూడు: ఈ-సెలెక్టిన్, వీక్యామ్-1, ఐక్యామ్-1. మూడూ కణం పైన నిలబడి తెల్ల కణాల్ని పట్టుకునేవే. సెలెక్టిన్ పట్టు వదులు, దానికి తగులుకున్న తెల్ల కణం దొర్లుతూ నెమ్మదిస్తుంది. మిగతా రెండింటి పట్టు గట్టిది, వాటికి తగులుకుంటే ఆగిపోతుంది. ఆ తర్వాతే కణాల మధ్య సందుల్లోంచి కణజాలంలోకి దిగుతుంది.

4వ రోజు

బొడ్డుతాడు వచ్చింది. ప్రసవానికి ముందే సంతకం పెట్టి అనుమతి ఇచ్చిన తల్లి ఎవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. డబ్బా మీద ఒక కోడ్ మాత్రమే ఉంది. తెరిచేముందు ఒక్క క్షణం ఆగాను. నిన్నటిదాకా ఒక బిడ్డకు ఊపిరి, ఆహారం అందించిన తాడు ఇది.

తాడులో రెండు ధమనులు, ఒక సిర. సిర గోడ పలచగా, లోపలి బోలు వెడల్పుగా ఉంటుంది కాబట్టి చూడగానే పోల్చుకోవచ్చు. ఒక కొసకు సన్నని గొట్టం దూర్చి కట్టి, ఉప్పు ద్రావణంతో లోపలి రక్తం పోయేదాకా కడిగాను. తర్వాత రెండో కొస మూసి, కణాల్ని గోడ నుంచి ఊడదీసే కొలాజినేజ్ అనే ఎంజైము ద్రావణం నింపి 37 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు ఉంచాను. ఎరిక్ జాఫీ బృందం 1973లో ప్రచురించిన పద్ధతి ఇది. యాభై ఏళ్లు దాటినా మౌలికంగా ఏమీ మారలేదు. మనిషి రక్తనాళపు కణాల్ని గిన్నెలో పెంచి చూడటం మామూలు పని అయిందంటే ఈ పద్ధతి వల్లే.

ఇందులో తెలివి అంతా సమయంలోనే ఉంది. తక్కువసేపు ఉంచితే కణాలు ఊడవు. ఎక్కువసేపు ఉంచితే కింది పొరలోని కండర కణాలు కూడా ఊడి వచ్చి, తర్వాత గిన్నెనంతా ఆక్రమిస్తాయి. సీనియర్ అక్క పక్కనే నిలబడి, "పన్నెండు కాగానే తియ్యి, ఇంకొంచెం వస్తాయేమో అని ఆశపడకు" అంది. తాడును చేతుల్లో మెల్లగా పిసికి, లోపలి ద్రావణాన్ని ట్యూబులోకి దింపాం. సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున కనిపించీ కనిపించనట్టు తెల్లని చుక్క. జెలటిన్ పూసిన ఫ్లాస్కులో వేసి ఇంక్యుబేటర్‌లో పెట్టాను.

11వ రోజు

ఫ్లాస్కు నిండింది. మైక్రోస్కోపు కింద గులకరాళ్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు, ఖాళీ కూడా లేదు.

ఇవి ఎండోథీలియల్ కణాలేనని నిర్ధారించుకోవడానికి ఈ కణాల్లో ఉండే వాన్ విలీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్‌కు రంగు వేశాను. కణం లోపల సన్నని గింజల్లా మెరిశాయి. అవి వైబెల్-పలాడే బాడీలు, 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వాటిని మొదట వర్ణించిన ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. పీ-సెలెక్టిన్ ముందే తయారై ఈ గింజల్లోనే దాచి ఉంటుంది. హిస్టమిన్ గానీ, రక్తం గడ్డకట్టించే థ్రాంబిన్ గానీ తగిలితే కొన్ని నిమిషాల్లోనే కణం పైకి వచ్చేస్తుంది. ఈ-సెలెక్టిన్‌కు అలాంటి నిల్వ లేదు. కబురు వచ్చాక జీన్ నుంచి మొదలుపెట్టి కొత్తగా తయారు కావాలి. అందుకే దానికి గంటలు పడుతుంది.

ఎలుక కణాలతో ఎందుకు చేయకూడదని మొదట్లో అడిగాను. జవాబు ఇక్కడే దొరికింది. ఎలుకలో టీఎన్ఎఫ్ ఇస్తే పీ-సెలెక్టిన్ జీన్ కూడా పనిలో దిగుతుంది, మనిషిలో దిగదు. ఎలుకలో చూసినదాన్ని మనిషికి అలాగే అంటగట్టలేం.

16వ రోజు

మొదటి ప్రయోగం. రెండు రోజుల ముందే కణాల్ని 96 వెల్స్ (చిన్న గుంతలు) ఉన్న ప్లేటులో జెలటిన్ మీద వేశాను. కణాల్ని గిన్నె నుంచి లేపకుండానే పైనున్న ప్రొటీన్‌ను యాంటీబాడీతో పట్టి, రంగు ఎంత వచ్చిందో కొలిచే పద్ధతి ఎంచుకున్నాం. ట్రిప్సిన్ వేసి లేపితే పైనున్న ప్రొటీన్లు కొన్ని తెగిపోతాయి, అందుకు.

టీఎన్ఎఫ్ వేసిన వెల్స్‌లో రంగు వచ్చింది. కానీ టీఎన్ఎఫ్ వేయని వెల్స్‌లో కూడా ఐక్యామ్-1 బాగా వచ్చింది. రెంటికీ తేడా ఉంది గానీ, ఉండాల్సినంత లేదు.

రాత్రంతా టెన్షన్. యాంటీబాడీ పట్టనిచోట పట్టిందేమో అనుకుని ఐసోటైప్ కంట్రోల్ వెల్స్ (మా ప్రొటీన్లను పట్టని యాంటీబాడీ వేసినవి) మళ్లీ చూశాను. అవి శుభ్రంగా ఉన్నాయి. అంటే వచ్చిన రంగు నిజం. నా "ఏమీ కలపని" కంట్రోల్ కణాలు ముందే రెచ్చిపోయి ఉన్నాయి.

17వ రోజు

ఈ పేజీ కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ప్రాజెక్టులో నేను నేర్చుకున్న అసలు సంగతి ఈరోజే మొదలైంది.

ఐక్యామ్-1 కుదురుగా ఉన్న కణాల మీద కూడా కొద్దిగా ఉంటుంది. అది సున్నా కాదని తెలుసు. కానీ ఇంత ఉండకూడదు. మేడం నా పట్టిక చూసి, ఐక్యామ్ గురించి ఏమీ అనకుండా, "కంట్రోల్‌లో ఈ-సెలెక్టిన్ ఎంత ఉంది?" అని అడిగారు.

దాదాపు లేదు.

"మరి గడియారం చూసుకో" అన్నారు.

అప్పుడు వెలిగింది. టీఎన్ఎఫ్ లాంటి కబురు ఏది తగిలినా ఈ-సెలెక్టిన్ నాలుగు నుంచి ఆరు గంటల్లో శిఖరానికి వెళ్లి, ఇరవై నాలుగు గంటలకల్లా దాదాపు పోతుంది. ఐక్యామ్-1 నెమ్మదిగా పెరిగి, ఒక రోజు దాటినా నిలిచే ఉంటుంది. ఐక్యామ్ ఎక్కువ, ఈ-సెలెక్టిన్ లేదు అంటే కణాలకు కబురు తగిలి ఒక రోజుకు పైనే అయింది. ప్రయోగం రోజు వాడిన ద్రావణాల్లో తప్పు ఉంటే ఈ-సెలెక్టిన్ కూడా వెలగాలి. కాబట్టి తప్పు ప్లేటు వేసిన రోజుది. ఆ రోజు వాడినవి నాలుగే: ట్రిప్సిన్, సీరం, మీడియం, జెలటిన్ పూత.

అనుమానం ఎండోటాక్సిన్ మీద. కొన్ని రకాల బ్యాక్టీరియా బయటి గోడలో ఉండే కొవ్వు-చక్కెర పదార్థం ఇది, ఎల్‌పీఎస్ అంటాం. ఎండోథీలియల్ కణాలకు దీన్ని గుర్తుపట్టే టీఎల్ఆర్-4 అనే గ్రాహకం ఉంది. దానికి తోడుగా కావాల్సిన సీడీ14 కణం మీద అంతగా లేకపోయినా, సీరంలో కరిగి ఉన్న సీడీ14 ఆ పని చేసి పెడుతుంది. చివరికి టీఎన్ఎఫ్ చేరే చోటికే, అంటే జీన్లను తెరిచే ఎన్ఎఫ్-కప్పా బీ అనే ప్రొటీన్ దగ్గరికే ఇదీ చేరుతుంది. కణానికి రెండూ ఒకేలాంటి ఆపద కబుర్లు.

22వ రోజు

తప్పు ఎక్కడుందో దొరికింది.

రెండు పరీక్షలు చేశాను. మొదటిది పాలిమిక్సిన్-బీ. అది ఎండోటాక్సిన్‌ను పట్టుకుని పనిచేయనివ్వదు. ప్లేటు వేసిన రోజు నుంచే దాన్ని కలిపిన వెల్స్‌లో ఐక్యామ్-1 తగ్గిపోయింది. రెండోది, అనుమానం ఉన్న నాలుగింటిలో ఒక్కొక్కటీ మారుస్తూ పోవడం. ట్రిప్సిన్ మార్చినా, సీరం మార్చినా, మీడియం మార్చినా తేడా లేదు. ఎండోటాక్సిన్ తక్కువ ఉన్నట్టు పరీక్షించి అమ్మే జెలటిన్ వాడిన వెల్స్ మాత్రం కుదుటపడ్డాయి.

పాత జెలటిన్ నేనే పొడి కలిపి, ఆటోక్లేవ్ చేసి పెట్టుకున్నది. ఆటోక్లేవ్ చేశాను కదా అని ధీమా. 121 డిగ్రీల ఆవిరి బ్యాక్టీరియాను చంపుతుంది గానీ ఎండోటాక్సిన్‌ను వదిలించలేదు. గాజు సామాను నుంచి దాన్ని వదిలించాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచాలి. జెలటిన్‌కు ఆ వేడి పెట్టలేం. జంతువుల చర్మం, ఎముకల నుంచి వచ్చే పదార్థం కాబట్టి తయారీలోనే ఎండోటాక్సిన్ చేరే వీలుంది. సూక్ష్మక్రిములు లేకపోవడం వేరు, కణానికి ఆపద కబురు అందకపోవడం వేరు. రెంటినీ ఒకటే అనుకున్నాను.

లాల్ పరీక్ష కూడా పెట్టాం. గుర్రపు నాడా పీత రక్తకణాల సారంతో చేస్తారు. ఎండోటాక్సిన్ అణుమాత్రం తగిలినా ఆ సారం గడ్డకడుతుంది. పాత సీసాలోని జెలటిన్‌కు గట్టిగా పాజిటివ్ వచ్చింది. సీసా పారేశాను.

టీఎన్ఎఫ్ మీద కూడా ఒక అనుమానం మిగిలింది. అందులోనే ఎండోటాక్సిన్ ఉంటే? అందుకని కొంచెం టీఎన్ఎఫ్‌ను మరిగించి వేశాను. టీఎన్ఎఫ్ ప్రొటీన్ కాబట్టి మరిగిస్తే పాడవుతుంది, ఎండోటాక్సిన్ అలాగే ఉంటుంది. మరిగించినది వేసిన కణాలు స్పందించలేదు. టీఎన్ఎఫ్ శుభ్రమే. ఇకనుంచి ప్రతి ప్లేటులో ఈ మరిగించిన వెల్ ఒకటి ఉంటుంది.

24వ రోజు

కొత్త జెలటిన్‌తో వేసిన మొదటి ప్లేటు. కంట్రోల్ బాగుంది, కానీ ఈసారి టీఎన్ఎఫ్ వేసినా స్పందన మందంగా ఉంది. కారణం గంటలోనే తెలిసింది: కణాల్ని పెంచే మీడియంలో హైడ్రోకార్టిసోన్ ఉంది. అది ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచే స్టెరాయిడ్. ప్రయోగానికి ముందు రోజు అది లేని మీడియంలోకి మార్చాలని ప్రోటోకాల్ మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

27వ రోజు

చివరికి గడియారం సరిగ్గా నడిచింది.

సున్నా గంట దగ్గర ఐక్యామ్-1 కొద్దిగా, మిగతా రెండూ లేవు. నాలుగు గంటలకు ఈ-సెలెక్టిన్ నిండుగా. ఎనిమిది గంటలకు అది దిగడం మొదలైంది, వీక్యామ్-1 పైకొచ్చింది. ఇరవై నాలుగు గంటలకు ఈ-సెలెక్టిన్ దాదాపు లేదు. ఐక్యామ్-1 గరిష్ఠంగా ఉంది, వీక్యామ్-1 ఇంకా నిలిచి ఉంది. మరిగించిన వెల్ కంట్రోల్‌తో సమానం.

ఇరవై నాలుగో గంట కణాల రూపం కూడా మారింది. గులకరాళ్లు పోయి సాగిన కండెల్లా అయ్యాయి. అక్కడక్కడ సందులు.

పక్క ప్లేటులో ఇంకా ముందటి ఘట్టం చూశాను. టీఎన్ఎఫ్ వేసిన ముప్పై నిమిషాలకు, ఎన్ఎఫ్-కప్పా బీలో భాగమైన పీ65కు రంగు వేస్తే, కంట్రోల్‌లో కేంద్రకం చీకటిగా, చుట్టూ ఉన్న ద్రవం వెలుగుగా ఉంది. టీఎన్ఎఫ్ వేసినవాటిలో తిరగబడింది, కేంద్రకాలే వెలుగుతున్నాయి. ఈ ప్రాజెక్టులో నా కంటికి అన్నిటికన్నా అందంగా అనిపించింది ఇదే.

లోపల జరిగేది ఇది. మామూలుగా ఎన్ఎఫ్-కప్పా బీని ఐకప్పాబీ-ఆల్ఫా అనే ప్రొటీన్ కేంద్రకం బయట పట్టి ఉంచుతుంది. టీఎన్ఎఫ్ తన గ్రాహకానికి తగలగానే లోపల ఐకేకే అనే ఎంజైము మేల్కొని ఆ కాపలా ప్రొటీన్ మీద ఫాస్ఫేటు గుర్తు వేస్తుంది. గుర్తు పడిన ప్రొటీన్‌ను కణం తానే ముక్కలు చేసేస్తుంది. విడుదలైన ఎన్ఎఫ్-కప్పా బీ కేంద్రకంలోకి వెళ్లి ఈ-సెలెక్టిన్, వీక్యామ్-1, ఐక్యామ్-1, ఐఎల్-8 లాంటి జీన్లను తెరుస్తుంది. అది తెరిచే జీన్లలో ఐకప్పాబీ-ఆల్ఫా జీన్ కూడా ఉంది. తనను మళ్లీ బంధించే కాపలాదారును తానే తయారు చేయించుకుంటుంది. ప్రొటీన్లను గీతలుగా చూపే వెస్టర్న్ బ్లాట్‌లో పావుగంట, అరగంట దగ్గర ఐకప్పాబీ-ఆల్ఫా గీత మాయమై, గంట దాటాక మళ్లీ కనిపించింది.

సైక్లోహెక్సిమైడ్ వేసి ప్రొటీన్ల తయారీ ఆపిన వెల్స్ కూడా కొన్ని పెట్టాను. వాటిలో టీఎన్ఎఫ్ వేసిన కణాలు చచ్చిపోయాయి. సైక్లోహెక్సిమైడ్ ఒక్కటే వేసినవి ఆ సమయానికి బాగానే ఉన్నాయి, టీఎన్ఎఫ్ ఒక్కటే వేసినవీ బతికే ఉన్నాయి. అంటే టీఎన్ఎఫ్ పంపే కబురులో చావు మాట కూడా ఉంది. ఎన్ఎఫ్-కప్పా బీ తయారు చేయించే ఏ20, సీఐఏపీ-2 లాంటి కాపుదల ప్రొటీన్లు దాన్ని ప్రతిసారీ ఆపుతున్నాయి. మామూలు ప్లేటులో కణాలు నిక్షేపంగా ఉండటం వెనుక ఇంత పని నడుస్తోందని ఆ చనిపోయిన వెల్స్ చూశాకే తెలిసింది.

31వ రోజు

అతుక్కునే పరీక్ష. మోనోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం) జాతి కణాలకు ఆకుపచ్చ రంగు ఎక్కించి, ఎండోథీలియల్ పొర మీద అరగంట ఉంచి, కడిగి చూశాను. కంట్రోల్ మీద అక్కడొకటి ఇక్కడొకటి. టీఎన్ఎఫ్ వేసినవాటి మీద చుక్కల ఆకాశం.

కడగడం చేయి మీద ఆధారపడే పని. పైపెట్‌తో గట్టిగా పోస్తే పట్టున్న కణాలూ ఊడతాయి. అందుకే ప్లేటును తలకిందులు చేసి ద్రావణంలో ముంచి కడిగే పద్ధతికి మారాను, అప్పుడే వెల్స్ మధ్య తేడాలు తగ్గాయి. కదలని గిన్నెలో దొర్లడం కనిపించదు, గట్టి పట్టు మాత్రమే కనిపిస్తుంది. వీక్యామ్-1ను యాంటీబాడీతో కప్పేస్తే అతుక్కునేవి తగ్గాయి గానీ పూర్తిగా ఆగలేదు. ఐక్యామ్-1 పట్టు అలాగే ఉంది కదా.

36వ రోజు

కణాల మధ్య అతుకుల పరీక్ష. సన్నని రంధ్రాలున్న పొర మీద కణాల్ని నిండుగా పెంచి, పైన వెలిగే డెక్స్‌ట్రాన్ (ఒక చక్కెర గొలుసు) వేసి, కిందికి ఎంత దిగిందో కొలవాలి. మొదటి రోజు రెండు వెల్స్‌లో కంట్రోల్ కూడా ధారాళంగా కారింది. పైపెట్ కొన పొరకు తగిలి గీత పడింది. ఇకమీదట కొన ఎప్పుడూ గోడకే ఆనించాలి.

థ్రాంబిన్ వేస్తే కొన్ని నిమిషాల్లోనే సందులు తెరుచుకుని, కొద్ది గంటల్లో మళ్లీ మూసుకుపోయాయి. టీఎన్ఎఫ్‌కు గంటలు పట్టింది, మరునాటికీ కారుతూనే ఉంది. థ్రాంబిన్ ఉన్న యంత్రాంగాన్నే లాగుతుంది. లోపలి యాక్టిన్ తీగలు బిగుసుకుని కణం ముడుచుకుంటుంది. టీఎన్ఎఫ్ ఆ తీగల్ని బిగించడంతో పాటు, కణాన్ని కణానికి కుట్టి ఉంచే వీఈ-క్యాడ్‌హెరిన్ వరసను కూడా చెదరగొడుతుంది. రంగు వేస్తే కంట్రోల్‌లో కణాల హద్దుల వెంట తెగని గీత. టీఎన్ఎఫ్ వేసినవాటిలో అదే గీత చిరిగిన అంచులా, మధ్య మధ్య ఖాళీలతో ఉంది.

ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించే సెప్సిస్‌లో జరిగేది దీని పెద్ద రూపం. ఒంట్లో అన్ని చోట్లా ఒకేసారి ఈ గీత చిరిగితే రక్తంలోని ద్రవం కణజాలంలోకి కారిపోతుంది, బీపీ పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మైక్రోస్కోపులో ఆ చిరిగిన గీతను చూస్తున్నంతసేపూ ఐసీయూ పడకలే గుర్తొచ్చాయి.

41వ రోజు

ఐఎల్-1 బీటా, ఐఎల్-6 అనే మరో రెండు సైటోకైన్లతో పోలిక.

ఐఎల్-1 బీటా ఫలితం దాదాపు టీఎన్ఎఫ్ లాగే ఉంది. గ్రాహకం వేరు, లోపల మైడీ88 అనే ప్రొటీన్ ద్వారా వెళ్లే దారి వేరు, చేరేది మాత్రం అదే ఎన్ఎఫ్-కప్పా బీ దగ్గరికి. ఈ కబురును ఆపితే మనుషుల్లో తేడా వస్తుందా అన్న ప్రశ్నకు 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్ జవాబిచ్చింది. అంతకుముందు గుండెపోటు వచ్చి, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా రోగుల్లో, ఐఎల్-1 బీటాను అడ్డుకునే కనాకినుమాబ్ 150 మిల్లీగ్రాముల మోతాదు గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలను కలిపి చూస్తే 15 శాతం తగ్గించింది. కొలెస్ట్రాల్‌ను తగ్గించకుండానే ఇది జరిగింది. అయితే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఆపద కబురును మూసేస్తే నిజమైన ఆపద వచ్చినప్పుడు కూడా అది అందదు.

ఐఎల్-6 వేస్తే ఏమీ జరగలేదు. మోతాదు పెంచినా అంతే. సీసా పాడైందేమో అనుకున్నాను. ఇంతలో అక్క వచ్చి, "దానికి గ్రాహకం ఇచ్చావా?" అని అడిగింది.

ఎండోథీలియల్ కణాల మీద ఐఎల్-6 గ్రాహకం చాలా తక్కువ. కబురును లోపలికి మోసే జీపీ130 మాత్రం ఉంది. రక్తంలో కరిగి తిరిగే ఐఎల్-6 గ్రాహకం ఐఎల్-6ను పట్టుకుని వచ్చి జీపీ130కు తగిలితేనే ఈ కణాలకు కబురు అందుతుంది. దీన్ని ట్రాన్స్-సిగ్నలింగ్ అంటారు. కరిగిన గ్రాహకం కలిపి వేయగానే అరగంటలో కణం లోపలి స్టాట్3 అనే ప్రొటీన్ మీద ఫాస్ఫేటు గుర్తు పడింది. మరునాటి మీడియంలో మోనోసైట్లను పిలిచే ఎంసీపీ-1 పెరిగింది.

ఈ ఏర్పాటు గురించి రెండు రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను. గాయం దగ్గరికి మొదట చేరే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు తమ ఒంటి మీది ఐఎల్-6 గ్రాహకాన్ని అక్కడ రాలుస్తాయి. అది ఐఎల్-6తో కలిసి నాళపు పొరను మేల్కొల్పుతుంది. పొర ఎంసీపీ-1 వదులుతుంది, దాంతో రెండో విడతలో మోనోసైట్లు వస్తాయి. ముందు వచ్చినవాళ్లు వెనక వచ్చేవాళ్లకు తలుపు తీసి పెట్టినట్టే. ఐఎల్-6 ఒక్కటే వేసి "పనిచేయలేదు" అని రాసి వదిలేసి ఉంటే ఈ కథంతా నాకు కనబడేది కాదు.

46వ రోజు

కదలని గిన్నె బెంగ పట్టుకుంది. నాళంలో కణం ఒక్క క్షణం కూడా ప్రవాహం లేకుండా ఉండదు. ప్రవాహం సాఫీగా ఉన్నచోట కణం కేఎల్ఎఫ్-2 అనే ప్రొటీన్‌ను పెంచుకుంటుంది, నైట్రిక్ ఆక్సైడ్ తయారీ పెరుగుతుంది, ఇన్‌ఫ్లమేషన్ స్పందన తగ్గుతుంది. నాళాలు చీలే మలుపుల దగ్గర ప్రవాహం సుడి తిరుగుతుంది, అక్కడే కొవ్వు గడ్డలు ఎక్కువ కడతాయి. మరి నేను ఇన్నాళ్లూ "కుదురుగా ఉన్న కణం" అని పిలిచింది నాళంలోని కుదురైన కణమేనా?

ప్రవాహపు పంపు మా దగ్గర లేదు. ప్లేటును గుండ్రంగా తిప్పే షేకర్‌ను ఇంక్యుబేటర్‌లో పెట్టి మూడు రోజులు నడిపాను. వెల్ అంచున ద్రవం ఒకే దిక్కుగా వేగంగా తిరుగుతుంది, నడుమ దిక్కు మారుతూ నెమ్మదిగా ఉంటుంది. ఒకే వెల్‌లో రెండు లోకాలు. మూడో రోజు చూస్తే అంచు కణాలు ప్రవాహం వెంట సాగి వరుసగా నిలబడ్డాయి, నడుమ ఉన్నవి ఎటూ తేలకుండా గులకరాళ్లలాగే ఉన్నాయి.

టీఎన్ఎఫ్ వేసి వీక్యామ్-1కు రంగు వేస్తే, నడుమ వెలిగినంతగా అంచు వెలగలేదు. మోతాదు ఒకటే, కణాలు ఒకే తల్లివి, గంట ఒకటే. మేడాన్ని పిలిచి చూపించాను. చాలాసేపు కళ్లు తీయకుండా చూసి, "ఎన్ని తాడులతో చేశావు?" అన్నారు.

ఒకటి. వెల్స్ పన్నెండు, తాడు ఒకటే. ఒకే తల్లి కణాలతో ఎన్ని వెల్స్ వేసినా అది ఒక్క సాక్ష్యమే.

52వ రోజు

రెండో తాడు కణాలతో గడియారం ప్రయోగం అయింది. వరస అదే, ఈ-సెలెక్టిన్ ముందు, ఐక్యామ్-1 చివర. ఎత్తులు మాత్రం తేడా. ఈ తల్లి కణాల్లో వీక్యామ్-1 మొదటి తాడు కన్నా తక్కువగానే వచ్చింది. ఇందుకే అందరి లెక్కలూ కలిపి సగటు తీయకుండా, ప్రతి తాడును దాని సొంత కంట్రోల్‌తోనే పోలుస్తున్నాను. ఐదో పాసేజ్ (కొత్త గిన్నెలోకి మార్చి పెంచడం) దాటిన కణాల్ని వాడటం ఆపేశాను. వయసు మీరే కొద్దీ ఈ-సెలెక్టిన్ స్పందన మందగిస్తోంది.

55వ రోజు

పొద్దున మూడో తాడు వచ్చింది. పన్నెండు నిమిషాలకే తీశాను. చుక్క ఈసారి కాస్త పెద్దదే. కొత్త జెలటిన్ సీసా తెరిచేముందు దాని లాల్ పరీక్ష కాగితం మళ్లీ ఒకసారి చూసుకున్నాను. ఫ్లాస్కు ఇంక్యుబేటర్‌లో ఉంది. వారంలో నిండితే సగం కదలని ప్లేటుకు, సగం షేకర్ మీదికి. రెంటిలోనూ మరిగించిన వెల్ ఉంటుంది.